ఫొటోలో మాస్కు వద్దు

ఆ వానాకాలం మా ఆయన ముఖం జంషెడ్‌పూర్ అంతా చూసింది. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఇదే ఊళ్ళో తిరిగినా ఆ ముఖం ఎవరికీ గుర్తుండేది కాదు. ఆయన్ని పిలిపించుకునేవాళ్ళు కోరుకునేది కూడా అదే.

మాది నల్లులు, చెదలు, బొద్దింకల వ్యాపారం. అంటే, వాటిని వదిలించే వ్యాపారం. పెస్ట్ కంట్రోల్ అని చెబితే కాస్త గౌరవంగా ఉంటుంది గానీ, విన్న మనిషి ఎలాగూ కుర్చీ వెనక్కి జరుపుకుంటాడు, నా చీర కుచ్చెళ్ళలోంచి ఏదో దిగి పాకుతూ వస్తుందేమోనని. కద్మా క్వార్టర్లలో ఉండే పెద్ద పెద్ద ఆఫీసర్ల భార్యలు ఫోను చేసి, "భయ్యా, స్కూటర్ మీద బోర్డు లేదు కదా? వీధి చివర ఆపుకుని నడిచి రండి" అనేవారు. ఇంట్లో నల్లులున్నాయని పక్కింటికి తెలిస్తే పరువు పోతుంది మరి. మా ఆయన మందు డబ్బాలు కూరగాయల సంచిలో పెట్టుకుని దొంగలా వెళ్ళి దొంగలా వచ్చేవారు. తర్వాత ఎప్పుడైనా సాక్చీ బజార్లో ఆ ఇంటావిడే ఎదురైతే ముఖం తిప్పుకుని పోయేది.

"దానికేటే పద్మా, సుఖరోగాల డాక్టర్ని నలుగుర్లో ఎవుడు పలకరిత్తాడు? మనదీ అదే బాపతు" అని నవ్వేసేవారు. నవ్వేవారే గానీ ఆ ముల్లు లోపల ఉండనే ఉందని నాకు తెలుసు.

ఆయన పేరు జగ్గారావు. మావాళ్ళది ఇచ్ఛాపురం వైపు, కాపురం ఈ ఊళ్ళోనే, భాలుబాసాలో. ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది ముక్కుకి గమ్ఛా తువ్వాలు చుట్టుకుని మందు కొట్టేస్తారు. మా ఆయన మాత్రం బుగ్గలకు చెరో డబ్బా ఉండే రబ్బరు మాస్కు బిగించుకోనిదే మందు సీసా మూత తీసేవారు కాదు. కుర్రతనంలో క్షయ వచ్చి తగ్గిన ఊపిరితిత్తులవి. పొగకీ మందులకీ దూరంగా ఉండమని అప్పటి డాక్టరు చెప్పాడట. దూరంగా ఉంటే కూడెవడు పెడతాడని ఆ మాస్కు కొనుక్కున్నారు. పని నుంచి వచ్చాక దాన్ని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాకే టీ తాగేవారు. నన్ను కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు.

"నీకు నగల్లాగ నాకిది" అనేవారు.

"నాకెక్కడివండీ నగలు?" అంటే మాట మార్చేసేవారు.

ఆ వేసవి చివర్లో ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. ఏదో ఊళ్ళో నల్లుల మందు కొట్టిన గదిలో పడుకున్న పసిపిల్ల చచ్చిపోయిందట. ఏ ఊరో, ఏ మందో, నిజమో అబద్ధమో చెప్పేవాడు లేడు. తల్లి ఏడుపు మాత్రం వినిపిస్తుంది. పేపర్లు కూడా దాన్నే రాశాయి. చూసినవాళ్ళెవరూ మళ్ళీ మాకు ఫోను చెయ్యలేదు. వానలు పడేముందు చెదల పనితో ఊపిరాడని రోజులవి. అలాంటిది మా ఆయన వరండాలో కూర్చుని మందు కొట్టే మిషను నాజిల్ విప్పడం, బిగించడం చేస్తున్నారు.

ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళందరికీ ఒక సంఘం ఉంది. దాని సెక్రటరీ ఆదిబాబు. మా ఆయన దగ్గరే పని నేర్చుకుని, తర్వాత సొంతంగా కంపెనీ పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. సంఘం మీటింగు అయిన మర్నాడు మిఠాయి పొట్లంతో మా ఇంటికొచ్చాడు.

"బాబాయ్, పేపరోళ్ళని తిడతా కూకుంటే లాభం లేదు. ఆళ్ళతో దోస్తీ చెయ్యాలి. ఇక మీదట సంఘం తరఫున ఒకే మనిషి మాటాడతాడు. మిగతావోళ్ళు నోరు మూసుకోవాలి. జహర్, విషం అన్న మాట వాడకూడదు, దవా, మందు అనాలి. కస్టమర్ది తప్పున్నా తప్పని అనకూడదు."

"బాగానే ఉంది. ఎవుడా మాటాడేవోడు?" అన్నారు మా ఆయన.

"నువ్వే బాబాయ్."

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆదిబాబు వైపు చూశాను.

"తెల్లజుట్టు, బొట్టు, మెత్తటి హిందీ. నీ మొహం చూత్తే ఎవుడైనా నమ్ముతాడు. మిగతావోళ్ళని చూత్తే ఎలకలు కూడా నమ్మవు. పేపర్లో వారం వారం సలహాలిత్తావు, ఫొటో ఏత్తారు. ఒక్కటే రూలు. ఫొటోలో మాస్కుండకూడదు."

"అదేటి?" అన్నాను నేను.

"మాస్కేసుకున్న మనిషిని చూత్తే జనాలకి హాస్పిటల్ గుర్తొత్తాది పిన్నీ. మందు కొట్టేవోడే భయపడతన్నాడు, మా పిల్లలకేటవుద్దో అనుకుంటారు. నవ్వుతున్న మొహం కావాలి."

"మీ బాబాయ్ ఊపిరితిత్తుల సంగతి నీకు తెలీదేటి?"

"అయ్యో పిన్నీ, ఫొటోకి మిషన్లో నీళ్ళు పోత్తాం. ఉత్త నీళ్ళు! బాబాయ్‌ని నాను మందులో నిలబెడతానా?"

వాడు అబద్ధం ఆడలేదు. ఆ రోజు వాడి మనసులో ఉన్నది అంతే.

 మా ఆయన నాజిల్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఒక్కటే అడిగారు.

"పేరేత్తారేటి?"

"పేరేత్తారు బాబాయ్. కింద కీట్ విశేషజ్ఞ అని కూడా ఏత్తారు."

పురుగుల నిపుణుడు. ఆ సాయంత్రం ఆయన అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకోవడానికి పట్టిన సమయంలో నేను రెండు కూరలు వండేశాను.

తర్వాత మా ఇంట్లో రిహార్సళ్ళు మొదలయ్యాయి. ఆదిబాబు ప్రశ్నలు పంపేవాడు. నేను పేపరు విలేఖరిని. గరిటె పట్టుకుని ఆయన నోటి దగ్గర పెట్టేదాన్ని. మా అమ్మాయి బిందుప్రియ ఫోనుతో వీడియో తీసేది.

"ఏమండీ విశేషజ్ఞ గారూ, మీరు కొట్టే మందు మనుషులకేటీ చెయ్యదా?"

"చూడమ్మా, ఏ మందైనా..."

"పాపా, కెమెరా దేఖో! స్మైల్!" అని అరిచేది బిందు. దానితో మేం తెలుగు మాట్లాడితే అది మాతో హిందీ మాట్లాడుతుంది. ఎవరి భాష వాళ్ళది, గొడవ లేదు.

"నవ్వతా మందు గురించి ఎలాగ చెప్తానే? పెళ్ళి సంబంధం చెప్తన్నట్టుంటాది."

"అలాగే ఉండాలట. ఆదిబాబు ఆర్డరు" అన్నాను. "మళ్ళీ అడుగుతున్నాను. ఏమండీ, నల్లులు ఇంట్లో ఎందుకొస్తాయి? ఇల్లాలు శుభ్రంగా ఉండకనా?"

"కాదమ్మా. నల్లులికి ధనికా పేదా తేడా లేదు. రైల్లో ఒత్తాయి, సూట్‌కేసులో ఒత్తాయి. ఇల్లాలి తప్పు కాదు. సిగ్గు పడక్కర్లేదు" అన్నారు. ఎవరూ నేర్పని జవాబది. చెప్పేసి నావైపు చూసి, ఈసారి నిజంగానే నవ్వారు. బిందు దాన్ని వీడియో తీసి పెట్టుకుంది. ఇప్పటికీ దాని ఫోనులో ఉంది. నేను చూడను.

వానలు పట్టుకున్నాయి. ఊళ్ళో డెంగీ మొదలైంది. ఒక హిందీ పత్రిక నుంచి సంజీవ్ మహతో అనే విలేఖరి మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. పల్చటి మనిషి, తడిసిన రెయిన్‌కోటు గుమ్మం బయటే విప్పి వచ్చేవాడు. మా ఆయన్ని 'రావ్‌జీ' అని పిలిచేవాడు. కూలర్లో నీళ్ళు, పూలకుండీలు, పాత టైర్లు, నల్లులు, ఏది అడిగినా మా ఆయన ఓపిగ్గా చెప్పేవారు. మర్నాడు పేపర్లో ఫొటో, కింద పేరు. ఫొటోలో ఆయన చేతిలో మిషను, మిషన్లో నీళ్ళు, ముఖం మీద నవ్వు. ఆదిబాబు మాట తప్పలేదు.

ఒకరోజు సాక్చీ బజార్లో కూరలు కొంటున్నాం. కద్మాలో ఉండే ఒకావిడ, నాకు బాగా గుర్తు, అంతకుముందు రెండుసార్లు ముఖం తిప్పుకుని పోయినావిడే, తనంతట తాను దగ్గరికొచ్చింది.

"పేపర్లో వచ్చేది మీరే కదూ?" అని హిందీలో అడిగి, పక్కనున్న భర్తకి మా ఆయన్ని చూపించింది. "ఈయనే, చెప్పానే, నల్లులున్నాయంటే సిగ్గుపడక్కర్లేదన్నాయన!"

ఆ భర్త మా ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మా ఆయన ఆ చేతిని ఎంతసేపు పట్టుకున్నారంటే, పాపం ఆయనే మెల్లిగా లాక్కోవలసి వచ్చింది. దారిలో జిలేబీలు కొన్నారు. ఇంటికొచ్చాక కూడా కుడిచెయ్యి వైపు చూసుకుంటూ కూర్చున్నారు. నాకు చాలా సంతోషం వేసింది. మా పెళ్ళయ్యాక ఆయన్ని అంత నిండుగా నేనెప్పుడూ చూడలేదు. ఆ వానాకాలం మాకు మంచి రోజులు కూడా ఇచ్చింది, ఆ మాట దాచను.

ఫోన్లు మళ్ళీ మోగాయి. సంఘంలో అందరికీ పని దొరికింది. దసరా దగ్గర పడుతుంటే ఆదిబాబుకి ఇంకో ఆలోచన వచ్చింది. దుర్గాపూజ పందిళ్ళన్నిటిలో సంఘం ఉచితంగా దోమల పొగ కొట్టాలి. పేపర్లనీ, టీవీ వాళ్ళనీ పిలవాలి. ముందు నిలబడేది మా ఆయన.

పొగ దగ్గరికొచ్చేసరికి నీళ్ళు పనికిరావు. ఆ మిషను డీజిల్లో మందు కలిపి కాలిస్తే గానీ పొగ వదలదు. ఆ సంగతి మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు. ఆయన మాస్కు కడిగి ఆరబెట్టి సంచిలో పెట్టుకోవడం చూసి నేను ఊరుకున్నాను. నేనూ బయల్దేరాను.

కద్మాలో పందిరి. అమ్మవారి విగ్రహానికి ఇంకా కళ్ళు దిద్దలేదు, ముఖానికి గుడ్డ కప్పి ఉంచారు. వాన వెలిసి ఎండ కాస్తోంది. కెమెరాల వాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. మా ఆయన తెల్లచొక్కా వేసుకుని, మిషను భుజానికి తగిలించుకుని పందిరి మూలలకి పొగ పెడుతున్నారు. ముఖానికి మాస్కు లేదు. ఒక చుట్టు తిరిగి బయటికొచ్చి దగ్గారు. సంజీవ్ మహతో కెమెరా చూసుకుని సంతోషంగా తలూపాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

"పొగ సరిగ్గా పడలేదు" అన్నాడు ఒక టీవీ కుర్రాడు. "అంకుల్, లోపలికెళ్ళి బాగా నింపండి. పొగలోంచి మా వైపు నడుచుకుంటూ రండి. నెమ్మదిగా."

మా ఆయన లోపలికెళ్ళారు. పందిరి గుడ్డల మధ్య పొగ గోడలా లేచింది. అందులోంచి నడిచొచ్చారు. కళ్ళలో నీళ్ళు, ముఖం మీద నవ్వు.

"అంకుల్, ఇంకొక్కసారి. మధ్యలో ఎవరో అడ్డొచ్చారు."

ఆదిబాబు ఒకడుగు ముందుకేసి, "ఇక చాలు భయ్యా" అన్నాడు. అతని గొంతు ఆ మిషను మోతలో ఎవరికీ వినబడలేదు. నేను స్కూటర్ దగ్గరికెళ్ళి సంచిలోంచి మాస్కు తీసుకుని ఆయన దగ్గరికి నడిచాను.

"ఏటండీ, ఇది పెట్టుకుని ఎల్లండి. చాలు ఈ తమాషా."

ఆయన నా వైపు చూడలేదు. కెమెరాల వైపే చూస్తూ, నా చేతిని మెల్లిగా పక్కకి జరిపారు.

"అదేసుకుంటే నానెవుడ్నో ఎవుడికి తెలుత్తాదే?" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా.

మళ్ళీ పొగలోకి వెళ్ళారు. నేను మాస్కు పట్టుకుని పక్కకి జరిగాను, ఫొటోలో పడకుండా.

మర్నాడు సిటీ పేజీలో పైనే వేశారు. తెల్లటి పొగలోంచి తెల్లజుట్టు మనిషి నవ్వుతూ నడిచొస్తున్నాడు. గొప్ప ఫొటో అది, కాదనను. టాటానగర్‌లో రైల్వే వాళ్ళ దగ్గర్నుంచి మా తోటికోడలి దాకా అందరూ ఫోన్లు చేశారు. ఆయన మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని, ఒక్కొక్క మాటకీ మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటూ, "అవునండీ, నానే... నానే" అని చెబుతున్నారు. సాయంత్రానికి ఆ రెండు మాటలు కూడా రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే దీపానికెదురుగా పెట్టి, "పని చేసేటప్పుడు మాస్కు వాడేవారు కాదా?" అని అడిగింది.

ఆయన అలా కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, నా వైపు చెయ్యి చూపించారు, నువ్వు చెప్పు అని.

"ముప్ఫై ఏళ్ళలో ఒక్క రోజు మానలేదమ్మా" అన్నాను. "ఈ పండగకే."

ఆమె ఎక్స్‌రే దించింది. "ఇదొక్కటే కారణమని నేను రాయలేను. ఊపిరితిత్తులు పాతవి, ఇప్పుడు నిమ్ము కూడా చేరింది. కానీ ఈ ఛాతీతో ఆ పొగలోకి వెళ్ళడమేమిటండీ?" అంది. 

పూజ రోజుల్లో ఊరంతా ఢాకీల డోళ్ళ మోత. మేం ఆసుపత్రి వార్డులో. ఆదిబాబు వ్యాపారం వదిలేసి బయట బల్లమీదే కూర్చునేవాడు, మందులకి పరిగెత్తేవాడు, నా ముఖంలోకి చూసేవాడు కాదు. పేపర్లో సలహాలు మాత్రం ఆగలేదు. మా ఆయన పేరు మీద వాడే రాసి పంపేవాడు. పాత ఫొటో ఒకటి వేసేవారు. మూతికి ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి పొద్దున్నే నా వైపు చూసి వేళ్ళతో పేపరు విప్పినట్టు చూపించేవారు. నేను చదివేదాన్ని. చివర పేరు దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుని వినేవారు. ఒకరోజు కోపమొచ్చి, "ఏటండీ ఈ పిచ్చి!" అని గట్టిగా అరిచేశాను. ఆయన ఏమీ అనుకోలేదు. నా చెయ్యి పట్టుకుని పేరు మీద పెట్టారు. మళ్ళీ చదివాను.

దీపావళి చూడకుండానే పోయారు.

సువర్ణరేఖ నది ఒడ్డుకి సంఘం వాళ్ళందరూ వచ్చారు. ఇళ్ళలోకి దొంగల్లా వెళ్ళొచ్చే మనుషులందరూ పట్టపగలు ఒకచోట నిలబడి ఉండడం మొదటిసారి చూశాను. చాలామంది ఏడ్చారు. వాళ్ళది దొంగ ఏడుపని నేనెప్పటికీ అనను.

కర్మలయ్యాక ఆదిబాబు ఒంటరిగా వచ్చాడు. ఇస్త్రీ లేని చొక్కా. గుమ్మం దగ్గరే నేలమీద కూర్చున్నాడు.

"పిన్నీ, సంజీవ్ మహతో బాబాయ్ మీద పెద్దది రాత్తాడట. నీ దగ్గరికొత్తాడు. ఏటి జబ్బని అడిగితే... లంబీ బీమారీ అని చెప్పు పిన్నీ. చాన్నాళ్ళుగా జబ్బు అని. క్షయ ఉండేది కదా, అబద్ధం కూడా కాదు."

"పొగ మాట ఎత్తొద్దంటావు."

"ఎత్తితే మళ్ళీ అందరి పనీ ఆగిపోతాది. ఆళ్ళ పిల్లలున్నారు. బాబాయ్ తెచ్చిపెట్టిన పనే కదా అదంతా."

నేను సరే అనలేదు, కాదనలేదు. వాడు వెళ్ళిపోయాక బిందు వచ్చి నా పక్కన కూర్చుంది. "మమ్మీ, కుఛ్ మత్ బోలో. ఛోడో నా" అంది. ఏమీ చెప్పకు, వదిలెయ్ అని.

సంజీవ్ మహతో మర్నాడొచ్చాడు. నోటుపుస్తకం చాలాసేపు తియ్యనేలేదు. ఆ ఫొటో తీసినందుకు అతన్ని ఆఫీసులో మెచ్చుకున్నారట, అది చెప్పి తల దించుకున్నాడు. తర్వాత అడిగాడు, ఏమైందని.

జబ్బుతో పోయారని నా నోట రాలేదు. ఎక్కడో ఇంకో పందిట్లో ఇంకో మనిషిని, అంకుల్ ఇంకొక్కసారి అని ఎవరో అడుగుతారు. వాడు కూడా వెళ్తాడు. వాడికీ ఒక పెళ్ళాం ఉంటుంది, మాస్కు పట్టుకుని పక్కన నిలబడి. అదే నా బుర్రలో తిరిగింది. నాకొచ్చిన హిందీలో అంతా చెప్పాను. మాస్కు సంగతి, నీళ్ళ సంగతి, పొగ సంగతి, సంఘం పెట్టిన రూలు సంగతి. బిందు తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది. అతను రాసుకున్నాడు. నిజాయితీగానే వేశాడు కూడా, ఒక్క మాట మార్చలేదు.

ఆ మర్నాడే సంఘం ప్రకటన వచ్చింది. అన్ని పేపర్లలోనూ వచ్చింది. నా హిందీ చదువు నెమ్మది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. సంఘం మొదటినుంచీ ప్రతి సభ్యుడికీ మాస్కు తప్పనిసరి చేసిందట. ఫొటోల కోసం మాస్కు తియ్యమని ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదట. దివంగత జగ్గారావు గారు స్వయంగా చేసిన లాపర్వాహీ వల్ల ఈ దుర్ఘటన జరగడం విచారకరమట. శిక్షణ పొందిన జాగ్రత్తపరులైన సభ్యుల సేవలను ప్రజలు నిర్భయంగా వాడుకోవచ్చట.

లాపర్వాహీ. లెక్కలేనితనం. ఆ మాట పక్కనే ఆయన పేరు, పేరు పక్కన విశేషజ్ఞ. ఆ పేపరు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. టీ కంటే ముందు మాస్కు కడుక్కునే మనిషి గురించి ఊరంతా ఆ మాట చదువుతోంది. నాకు మా నాన్న పోయినప్పుడు అంత ఏడుపు రాలేదు.

మధ్యాహ్నానికి ఆదిబాబు వచ్చాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నాను రాయలేదు పిన్నీ" అన్నాడు. కాసేపటికి, "నానే రాసాను" అన్నాడు.

"మీ బాబాయేటో నీకు తెలీదేటిరా?"

"తెలుసు పిన్నీ. నాకు మాస్కు పెట్టుకోడం నేర్పిందే బాబాయ్."

"మరెందుకు రాసావు?"

వాడు వెనక్కి తిరిగాడు. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి వీధిలోకి దిగాడు. మళ్ళీ వెనక్కొచ్చి వేసుకుని వెళ్ళాడు. నేను అరవలేదు. అరిచి తిట్టడానికి వాడెవడో పరాయివాడైతే బాగుండేది.

సంజీవ్ మహతో నా జవాబు కూడా వేస్తానని ఫోను చేశాడు. రెండు రోజులాగి, పాత వార్త అయిపోయిందని పైవాళ్ళు అన్నారని చెప్పాడు. సంఘం వాళ్ళ ఇళ్ళ నుంచి రాకపోకలు తగ్గాయి. కొందరు ఆడవాళ్ళు నన్ను చూసి పక్కసందులోకి తప్పుకుంటారు. నావల్ల వాళ్ళ మగవాళ్ళకి పని పోయిందనుకుంటారు. పెద్దగా పోలేదు, ప్రకటన బాగానే పనిచేసింది. సభ్యులందరికీ మాస్కులు కూడా పంచారని విన్నాను. ఫొటోల్లో ఇప్పుడు మాస్కులతోనే నిలబడుతున్నారు. చెబితే మంచే జరిగిందని బిందు ఈమధ్య ఒప్పుకుంటుంది. నేను ఊఁ అంటాను.

చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆయన ఫోను మోగింది. దాని కనెక్షను ఇంకా తియ్యించెయ్యలేదు. కద్మా నుంచి ఎవరో ముసలావిడ, హిందీలో మాట్లాడుతోంది.

"భయ్యా లేడా అమ్మా? మా వంటింటి గుమ్మానికి మళ్ళీ చెదలు పట్టాయి."

ఎవరు కావాలని అడిగాను.

"అదే, గేటు దగ్గరే మాస్కు వేసుకునొస్తాడే, ఆ భయ్యా. మా ఇంటికి ఎప్పట్నుంచో ఆయనే. మందు తీసేముందు మా చిలక పంజరాన్ని తనే తీసుకెళ్ళి పెరట్లో జామచెట్టుకి తగిలించొచ్చేవాడు. నన్ను గుమ్మం దాటి రానిచ్చేవాడు కాదు. నువ్వు పెద్దదానివి, గాలి తగలకూడదు అని కేకలేసేవాడు. ఇన్నేళ్ళలో ఆయన ముఖమే చూడలేదనుకో, కళ్ళు తప్ప." ఆవిడ కాస్త ఊపిరి తీసుకుంది. "ఆమధ్య పేపర్లో చదివించుకున్నాను, ఎవడో లెక్కలేని మనిషి పొగలో నిలబడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడట. అలాంటివాళ్ళని ఇంట్లోకి రానివ్వాలంటే నాకు భయం. ఆ భయ్యానే పంపించు, ఆలస్యమైనా ఫర్వాలేదు."



"ఆయన ఇప్పుడు పనికి వెళ్ళట్లేదమ్మా" అన్నాను.

"అయ్యో. పోనీలే, చాలా చేశాడు, కూర్చోనియ్. నేను ఆశీర్వదించానని చెప్పు" అంది. తర్వాత నవ్వింది. "చూశావా, ఇన్నేళ్ళు ఇంటికొచ్చిన మనిషి, పేరైనా అడగలేదు నేను. ఏం పేరమ్మా ఆయనది?"

ఆయన పేరు నా నోటిదాకా వచ్చింది.

"భయ్యా అనే అనుకోండమ్మా" అన్నాను. "ఆయనకి అదే ఇష్టం."